ఒంటికి ఒప్పే ఉన్ని

పాఠ్యభాగ ఉద్దేశం : వస్త్రాన్ని ఎన్నుకొనేటప్పుడు వెలను, వేషాన్ని మాత్రమే కాక నేలను, వాతావరణాన్ని, నేసిన చేతిని కూడా చూడవలెనని తెలియజేయటం, గొంగడి నాణ్యతను పరీక్షించే పద్ధతులను పరిచయం చేయటం.

మానవుడు వస్త్రాన్ని ధరించటానికి మూడు కారణాలు చెప్పుకోవచ్చు. మొదటిది మానరక్షణ, రెండవది దేహరక్షణ, మూడవది అలంకారం. మూడవది మొదటి రెండింటిని మరపించినప్పుడు వస్త్రం ఒంటికి అందం కాక భారమవుతుంది. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల నుండి పై చదువుల కోసం శీతల దేశాలకు వెళ్లే యువతీయువకులు నేడు ఎందరో ఉన్నారు. ప్రయాణానికి ముందు వారికి కలిగే సందేహాలలో చలికోటును గురించినది ఒకటి. చలనచిత్రాలలో, ప్రకటనలలో చూసిన బొచ్చుకోటు విలాసానికి గుర్తుగా వారి మనస్సులో నిలిచి ఉంటుంది. కనుక ముందుగా ఆ కోటు స్వభావాన్ని తెలుసుకొనటం మంచిది.

బొచ్చుకోటు అంటే ఉన్నితో నేసిన కోటు కాదు. జంతువు చర్మాన్ని రోమాలతో సహా ఒలిచి, పదునుచేసి, ముక్కలను కలిపి కుట్టినది. మింక్, నక్క, సేబుల్ వంటి జంతువుల దేహంపై రెండు వరుసల రోమాలుంటాయి. పైన పొడవైన నునుపైన రోమాలు, అడుగున దట్టమైన మెత్తని నూగు. ఆ నూగులో నిలిచిన గాలియే చలిని లోపలికి రానీయదు. మంచు గడ్డకట్టే సైబీరియా వంటి చోట్ల బ్రతికేవారికి అటువంటి కోటు విలాసం కాదు, ప్రాణావసరం. సంపన్నుల భుజాలపైకి చేరిన తరువాత దాని ప్రయోజనం మారిపోయింది. ఒక నిలువు మింక్ కోటుకు పదుల సంఖ్యలో ప్రాణులు కావలె. వాటిని పంజరాలలో పెంచే పరిశ్రమ ఐరోపాలో విస్తరించింది. ఆ పెంపకశాలలలో కరోనా వైరస్ వ్యాపించినందున 2020 నవంబరులో డెన్మార్క్ ప్రభుత్వం దేశంలోని మింక్‌లన్నింటినీ చంపివేయమన్నది. వాటి సంఖ్య కోటిన్నరకు పైమాటే. భారతదేశం 2017 జనవరిలోనే మింక్, నక్క, చించిల్లా చర్మాల దిగుమతిని నిషేధించింది.

హిమాలయ ప్రాంతపు విలాసానికీ ఇటువంటి చరిత్ర ఉన్నది. ఉంగరంలో నుండి దూరిపోయేంత పలుచని షాతూష్ శాలువను చిరూ అనే టిబెట్టు జింక ఉన్నితో నేస్తారు. ఆ ఉన్ని కోసం జింకను చంపుతారు. అందుచేత దాని క్రయవిక్రయాలు మన దేశంలో చట్టవిరుద్ధం. పష్మీనా అటువంటిది కాదు. అది పెంపుడు మేక దేహం నుండి దువ్వి తీసిన నూగు. రెండూ చూపులకు మెత్తని శాలువలే. ఒకటి ప్రాణం తీసి తెచ్చినది, మరొకటి ప్రాణం నిలిపి తెచ్చినది. కొనేవాడు అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే.

రెండవ ప్రశ్న నేలను గురించినది. మేడ్చల్, శామీర్‌పేటలు దక్కను పీఠభూమిపై ఉన్నవి. డిసెంబరు, జనవరి మాసాలలో తెల్లవారుజామున చెరువు గట్లపై చలి గట్టిగానే ఉంటుంది. ఇండ్లు కిక్కిరిసిన నగరమధ్యంలో కంటె ఈ శివార్లలో ఉష్ణోగ్రత తక్కువగా ఉండటం సాధారణం. అయినా పొద్దెక్కగానే ఆ చలి విడిపోతుంది. ఇటువంటి చోట బొచ్చుకోటు పెట్టెలోనే మగ్గుతుంది. వానకాలపు చెమ్మకు బూజు పడుతుంది. వేసవి వేడికి తోలు ఎండి పగులుతుంది.

మరి ఈ నేలకు తగిన ఉన్ని వస్త్రమేది? సమాధానం శామీర్‌పేట మీదుగా సాగే రాజీవ్ రహదారిపైనే కనిపిస్తుంది. సంక్రాంతి మొదలు ఉగాది వరకు జరిగే కొమురవెల్లి మల్లన్న జాతరకు నగరవాసులు ఈ దారినే వెళ్తారు. మల్లన్న గొల్ల కురుమల ఆరాధ్యదైవం. ఆ స్వామి కథను చెప్పే ఒగ్గు కళాకారుల భుజాన కనిపించే నల్లని కంబళియే గొంగడి.

గొంగడికి మూలం దక్కనీ జాతి నల్ల గొర్రె. దాని ఉన్నిని సాధారణంగా ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. కత్తిరింపు ముగియగానే గొర్రె మేతకు పోతుంది. ఉన్ని మళ్లీ పెరుగుతుంది. ఆ ఉన్నిని శుభ్రపరచి, ఏకి, రాట్నంపై వడుకుతారు. పడుగు నూలుకు చింతగింజల గంజి పట్టించి గుంటమగ్గంపై నేస్తారు. గంజి వల్ల నేత బిగువుగా వస్తుంది. ఉన్ని పోగులలో సహజంగా ఉండే జిడ్డు చినుకులను వెంటనే ఇంకనీయదు. ఉన్ని తన బరువులో సుమారు 30 శాతం తేమను పీల్చుకొని కూడా తడిసినట్లు తోచనీయదు. కనుకనే మందకాపరికి గొంగడి చలికి దుప్పటి, వానకు గొడుగు, రాత్రికి పడక అయింది.

తెలుగు నుడికారంలోనూ గొంగడి పరచుకొని ఉన్నది. పని ముందుకు సాగనప్పుడు ‘ఎక్కడ వేసిన గొంగళి అక్కడే’ అంటారు. ‘గొంగళిలో తింటూ వెంట్రుకలు ఏరినట్లు’ అనేది మరొక సామెత. దేహమంతా నూగు ఉన్నందున ఒక పురుగుకు గొంగళిపురుగు అనే పేరు వచ్చింది.

ఇక ఎన్నిక పద్ధతులు. అంగడిలో నల్లగా, దళసరిగా కనిపించేదంతా గొంగడి కాదు. పానిపట్టు వంటి పట్టణాలలో పాత ఉన్ని దుస్తులను చీల్చి, తిరిగి వడికి దుప్పట్లు నేస్తారు. అక్రిలిక్ నూలు దుప్పట్లూ చవకగా లభిస్తాయి. అవి చలిని ఆపవని కాదు. గొంగడి పేరుతో, గొంగడి వెలకు వాటిని కొనటమే మోసపోవటం. కొనేవారు ఈ పరీక్షలు చేయవచ్చు.

1. అమ్మేవారి అనుమతితో అంచు నుండి ఒక పోగు తీసి కాల్చవలె. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, నలిపితే పొడి అయ్యే మసి మిగులుతుంది. అక్రిలిక్ కరిగి గట్టి పూసవలె బిగుసుకొంటుంది.

2. తడిపిన తెల్లని గుడ్డతో రుద్దవలె. సహజమైన నలుపు అంటదు. అద్దకం సరిగా నిలవని నలుపు గుడ్డకు పడుతుంది.

3. నాలుగు నీటి చుక్కలు చల్లి చూడవలె. మంచి గొంగడిపై అవి కొంతసేపు ముత్యాలవలె నిలుస్తాయి.

4. వెలుతురుకు ఎత్తి పట్టవలె. చేతితో వడికిన నూలులో సన్నం, లావు కలిసి ఉండటం లోపం కాదు. పోగులు తెగిన ఖాళీలు మాత్రం లోపమే.

అన్నింటికంటె మేలైన పరీక్ష నేసినవారిని అడగటం. “ఈ ఉన్ని ఏ జీవానిది తాతా?” అని ఒక విద్యార్థిని అడిగితే, “నల్లగొర్రెది బిడ్డా. నెల్లూరు జీవానికి ఉన్ని యాడుంటది?” అనే జవాబు రావచ్చు. ఆ ఒక్క మాటలో గొంగడి కథంతా ఉన్నది.

నాణ్యత తెలిసిన తరువాత తమకు నప్పేదేదో చూసుకోవలె. దక్కనీ ఉన్ని ముతకది; ఒంటికి నేరుగా తగిలితే గుచ్చుతుంది. కనుక నూలు దుస్తులపై ధరించటం మంచిది. చర్మం సున్నితమైనవారు దానిని కప్పుకొనటానికి గాక, పరుచుకొనటానికి వాడుకోవచ్చు. మంచు కురిసే దేశాలకు వెళ్లేవారికి గొంగడి ఒక్కటే చాలదు. లోపల ఉన్ని దుస్తులు పొరలుగా ధరించి, గాలి చొరని పైకోటు వేసుకొనటం అక్కడ తగిన పద్ధతి. గొంగడిని వేడినీట ఉతికితే ముడుచుకొనిపోతుంది. ఎండలో ఆరవేసి, దులిపి, వేపాకు మధ్య మడతపెట్టి ఉంచితే ఏండ్ల తరబడి మన్నుతుంది.

నేడు ఈ నల్లగొర్రెకే గడ్డుకాలం వచ్చింది. ఉన్ని కంటె మాంసానికి వెల ఎక్కువ. కాపరులు ఉన్ని లేని, మాంసానికి అనువైన నెల్లూరు జాతి జీవాలవైపు మొగ్గినారు. బ్రతుకుతెరువు చూసుకొన్న కాపరిని ఇందుకు తప్పుపట్టలేము. మేడ్చల్, శామీర్‌పేట పరిసరాలలో మందలు తిరిగిన బీళ్లు పరిశ్రమలుగా, విద్యాసంస్థలుగా, ఇండ్ల స్థలాలుగా మారినవి. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి ఈ పొలాల నడుమ నుండియే సాగుతున్నది. కొనేవారు లేనప్పుడు కత్తిరించిన ఉన్ని చెత్త అవుతుంది. ఉన్ని చెత్త అయితే రాట్నం మూలపడుతుంది. మగ్గంగుంట పూడిన తరువాత ఆ పనితనాన్ని పుస్తకాలలో చదివి నేర్చుకోవటం సాధ్యం కాదు.

ప్రజాగాయకుడు గద్దర్ 2023లో కన్నుమూసేవరకు ఈ ప్రాంతానికి చేరువలోని అల్వాల్‌లో నివసించినాడు. గోచితో, భుజాన గొంగడితో ఆయన వేదికనెక్కినప్పుడు వేలాది జనులకు అది పేదరికంగా కాక, శ్రమకు గౌరవంగా కనిపించింది. గొంగడిని కొనే విద్యార్థికి కావలసిన చూపు ఇదే. అది చౌక వస్త్రం కాదు. ఒక మంద ఉన్ని, ఒక కుటుంబం అనేక దినాల శ్రమ అందులో ఉన్నవి. బేరమాడేముందు ఆ దినాలను లెక్కించవలె. వెల వస్తువుది మాత్రమే కాదు. దానిని మళ్లీ నేయటానికి ఒక చేయి మిగిలి ఉండటానికి చెల్లించేది కూడా.

అర్థాలు

క్రయవిక్రయాలు = కొనటం, అమ్మటం
పడుగు = మగ్గంపై నిలువుగా సాగే దారం
ఏకు = ఉన్నిని, దూదిని విడదీసి మెత్తపరచు
బీడు = సాగుచేయని, పశువులు మేసే నేల

ప్రశ్నలు

1. షాతూష్‌కు, పష్మీనాకు గల భేదం ద్వారా కొనేవారు గ్రహించవలసినది ఏమిటి?
2. “నెల్లూరు జీవానికి ఉన్ని యాడుంటది?” అనే మాటలో గొంగడి కథంతా ఉన్నదనటంలోని అంతరార్థాన్ని వివరించండి.
3. మీ ఊరిలో మందకాపరుల కుటుంబాలు ఉంటే వారిని కలిసి, గొంగడి నేతకు సంబంధించిన పదాలు పది సేకరించి రాయండి.