కిరాయి గడువు తీరకముందే ఇల్లు వదిలితే...



నమాజు, రోజాల గురించిన మసాయెల్‌ను మనం ఉలమాను అడిగి తెలుసుకుంటాం. కాని ఇల్లు కిరాయికి తీసుకునేటప్పుడు, వదిలేటప్పుడు షరీఅత్ ఏం చెబుతోందని అడిగేవారు తక్కువ. లావాదేవీలు కూడా ధర్మంలో భాగమే. పైగా ఇది హుఖూఖుల్ ఇబాద్ (దాసుల హక్కులు)కు సంబంధించిన విషయం. ఒకరి హక్కు కాజేసినవాడు దాన్ని తిరిగి ఇవ్వనిదే, లేదా హక్కుదారు మన్నించనిదే, నోటితో చేసే తౌబా సరిపోదు.

ఆ మధ్య మా ముందుకు ఒక తగాదా వచ్చింది. హైదరాబాద్‌లో ఒక సోదరుడు నెలకు 12,000 రూపాయల కిరాయికి ఫ్లాటు తీసుకున్నాడు. 11 నెలల అగ్రిమెంటు, 24,000 అడ్వాన్సు. మధ్యలో ఖాళీ చేస్తే ఎలా అన్నది రాసుకోలేదు. నాలుగు నెలలు నిండేసరికి ఆయనకు విశాఖపట్నం బదిలీ అయింది. నెల ముందే తెలిసినా ఆ సంగతి ఇంటావిడకు చెప్పలేదు. కొంత సామాను లోపలే ఉంచి, తాళం వేసి, కుటుంబంతో వెళ్ళిపోయాడు. నెలన్నర తర్వాత వచ్చి తాళంచెవులు ఇచ్చి, అడ్వాన్సు మొత్తం ఇవ్వమన్నాడు. ఆ ఇంటావిడ వితంతువు. ఆ కిరాయితోనే ఆమె ఇల్లు గడుస్తుంది. మిగిలిన ఏడు నెలల కిరాయి 84,000 కట్టాల్సిందేనని ఆమె పట్టుబట్టింది. న్యాయం తమ వైపే ఉందని ఇద్దరూ నమ్మారు.

ఇజారా కేవలం నోటిమాట కాదు

కిరాయి ఒప్పందాన్ని ఫిఖ్హ్ పరిభాషలో 'ఇజారా' అంటారు. నలుగురు ఇమాముల దృష్టిలోనూ ఇది 'లాజిమ్' ఒప్పందం. అంటే కుదిరిన తర్వాత ఏ ఒక్కరూ తమ ఇష్టానుసారం తెంచుకోలేరు. ఒప్పందాలను నెరవేర్చమని దివ్యఖుర్ఆన్‌లోని మాయిదా సూరా మొదటి ఆయత్‌లోనే విశ్వాసులకు ఆదేశం ఉంది. హజ్రత్ మూసా (అలైహిస్సలామ్) మద్‌యన్‌లో ఎనిమిదేళ్ళు పనిచేస్తానని ఒప్పుకున్న ఉదంతం ఖసస్ సూరాలో ఉంది. అక్కడ గడువు స్పష్టంగా నిర్ణయమయింది. ఆ పైన రెండేళ్ళు ఆయన ఇష్టానికి వదిలేశారు. ఏది బాధ్యతో, ఏది ఔదార్యమో ముందే తేటతెల్లం చేసుకోవాలన్న పాఠం అందులో మనకు లభిస్తుంది.

ఏది ఉజ్ర్, ఏది కాదు?

మరి నిజంగా ఇబ్బంది వస్తే? ఇక్కడ ఇమాముల మధ్య అభిప్రాయభేదం ఉంది. ఇల్లు కూలిపోయినా, నివసించడానికి పనికిరాకుండా పోయినా ఒప్పందం నుంచి బయటపడే హక్కు కిరాయిదారుకు ఉందన్నది అందరి మాట. కాని వ్యక్తిగత ఇబ్బందుల్ని కారణంగా ఒప్పుకునేది ప్రధానంగా హనఫీ ఫుఖహా. దాన్ని వారు 'ఉజ్ర్' (న్యాయమైన కారణం) అంటారు. ఊరు విడిచి వెళ్ళవలసి రావడం ఉజ్ర్. దుకాణం కిరాయికి తీసుకున్న వ్యాపారి దివాలా తీయడం ఉజ్ర్. అంతకంటే చవకైన ఇల్లు దొరకడం మాత్రం ఉజ్ర్ కాదు. సొంతిల్లు కొనుక్కుని అందులోకి మారాలనుకోవడం కూడా కాదు. ఇదే న్యాయం యజమానికీ వర్తిస్తుంది. ఆ ఇల్లు అమ్మితే తప్ప అప్పు తీరని స్థితి వస్తే అది ఉజ్ర్. ఎవరో ఎక్కువ కిరాయి ఇస్తానన్నారని ఉన్నవారిని ఖాళీ చేయించడం కాదు.

ఉజ్ర్ లేకుండా వెళ్ళిపోయినవారిపై మిగిలిన గడువు కిరాయి బాధ్యత ఉంటుంది. కాని యజమాని ఇల్లు స్వాధీనం చేసుకుని మరొకరికి ఇచ్చాక, ఆ నెలలకు పాత కిరాయిదారు నుంచి కూడా వసూలు చేయడం తగదు. ఒకే ఇంటికి రెండు కిరాయిలు తీసుకునే హక్కు ఎవరికీ లేదు. అలాగే అడ్వాన్సు యజమాని సొత్తు కాదు. బాకీ కిరాయి, వాస్తవంగా జరిగిన నష్టం మినహాయించుకుని మిగతాది తిరిగి ఇవ్వాలి.

తగాదా ఎలా తీరింది?

పై సోదరుని బదిలీ ఉజ్రే. అందుచేత 84,000 ఆయనపై లేదని చెప్పాం. కాని తాళంచెవులు ఇచ్చేదాకా ఇల్లు ఆయన చేతిలోనే ఉంది. కాబట్టి ఆ నెలన్నర కిరాయి 18,000 ఆయన బాకీ. అడ్వాన్సులో అది పోను 6,000 ఆయనకు రావాలి. ఇది మసలా. ఇక నెల ముందే తెలిసీ చెప్పకపోవడం గురించి అడిగితే ఆయన తల దించుకున్నాడు. ఆమె నెల ముందే మరొకరిని వెతుక్కునేది కదా! చివరకు ఆ 6,000 కూడా ఆమెకే వదిలేసి, మన్నించమని కోరాడు. అది మేము విధించింది కాదు, ఆయన చేసిన ఇహ్సాన్.

ఇరుపక్షాలు రాజీతో ఒప్పందం రద్దు చేసుకోవడాన్ని 'ఇఖాలా' అంటారు. బేరం చేసి పశ్చాత్తాపపడినవాని కోరిక మన్నించి దాన్ని రద్దు చేసుకునే వ్యక్తి పొరపాట్లను అల్లాహ్ మన్నిస్తాడని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లమ్) శుభవార్త ఇచ్చారు. యజమానులు ఈ హదీసును గుర్తుంచుకోవాలి.

ముందు జాగ్రత్త

ఏడాది మించిన కిరాయి పత్రానికి 1908 నాటి చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అందుకే మన వద్ద 11 నెలల అగ్రిమెంట్ల వాడుక ఉంది. ఆ కాగితంపై సంతకం చేసేముందు పూర్తిగా చదవండి. మధ్యలో ఖాళీ చేయాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలో, అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలో రాయించుకోండి. హలాల్‌ను హరామ్, హరామ్‌ను హలాల్ చేయనంత వరకు ముస్లిములు తమ షరతులకు కట్టుబడి ఉండాలన్నది ప్రవక్త (స) బోధన. యజమాని ముస్లిమైనా, ముస్లిమేతరుడైనా ఈ బాధ్యతలో తేడా లేదు.

ఇల్లు వదిలే రోజున కరెంటు బిల్లు కట్టి, గదులు ఊడ్చి, తాళంచెవులు చేతికిచ్చి, మాట్లాడి వెళ్ళండి. రేపు ప్రళయదినాన ఒక నెల కిరాయికి బదులు మన పుణ్యాలు ఎదుటివారికి ఇవ్వవలసి వస్తే ఏం మిగులుతుంది?

అల్లాహ్ మనందరికీ మాట నిలబెట్టుకునే సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.