దివిటీలు రాకముందే

ఆ రాత్రి గెత్సేమనే తోటలో అందరికంటే ముందు కలవరపడింది యేసే. పస్కా భోజనం ముగించుకుని, కెద్రోను వాగు దాటి, ఒలీవల కొండ దగ్గరి ఆ తోటకు శిష్యులతో వచ్చాడు. పేతురు, యాకోబు, యోహానులను ఇంకాస్త లోపలికి తీసుకెళ్లి, ప్రాణం పోయేంత దుఃఖంగా ఉందని చెప్పుకున్నాడు. తనతో మేలుకొని ఉండమని అడిగాడు. గురువు శిష్యుల ముందు అంత మాట పైకి అనడం తేలిక కాదు. ఇంటిపెద్దలుగా, టీచర్లుగా, ఆఫీసులో పదిమందికి పై అధికారులుగా ఉన్న మనలో ఎందరం అనగలం?

తర్వాత సాగిలపడి ప్రార్థించాడు. ముందున్న సిలువ శ్రమ తప్పిపోవాలనే కోరుకున్నాడు, అయినా నిర్ణయం తండ్రికే వదిలాడు. మత్తయి చెప్పినదాన్ని బట్టి ఇలా 3 సార్లు. ఒకసారి ప్రార్థించినా మనసు కుదుటపడలేదని, తమ విశ్వాసం చాలదని కుమిలిపోయేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మధ్యలో లేచి వచ్చి చూస్తే శిష్యులు నిద్రలో ఉన్నారు.

పేతురు అంతకు కాసేపటి ముందే, నీతో చావడానికైనా సిద్ధమని గట్టిగా అన్నవాడు. మేలుకోమంటే మాత్రం మేలుకోలేకపోయాడు. దివిటీలు, కత్తులు, గుదియలతో జనం యేసును పట్టుకోవడానికి వచ్చేసరికి కత్తి దూసి, ప్రధాన యాజకుడు కయప దాసుడైన మల్కు కుడి చెవి తెగనరికాడు. చూడ్డానికి వీరత్వమే. నన్నడిగితే అది కంగారు. అదే మనిషి తెల్లవారేలోపు, చలిమంట దగ్గర ఒక పనిపిల్ల నిలదీస్తే, ఆయనెవరో నాకు తెలియదనేశాడు.

యేసు తరచూ శిష్యులతో ఆ తోటకు వెళ్తాడని, ఆయన్ను పట్టించిన శిష్యుడు యూదాకు తెలుసు. తప్పించుకోవాలంటే ఆ ఒక్క రాత్రికి చోటు మారిస్తే సరిపోయేది. మార్చలేదు. వచ్చినవాళ్లకు తనే ఎదురెళ్లి, ఎవరి కోసం వచ్చారని అడిగాడు. వాళ్లు పేరు చెప్పగానే నేనేనన్నాడు, తన వాళ్లను మాత్రం పోనివ్వమన్నాడు. కత్తి ఒరలో పెట్టమని పేతురును ఆపాడు. మల్కు చెవిని ముట్టి బాగుచేశాడని లూకా రాశాడు. తనను పట్టుకోవడానికి వచ్చినవాడి చెవి! తన చేతులు కట్టేయబోతున్నప్పుడు కూడా ఎదుటివాడి నొప్పి కనబడిందంటే, ఆయన పెనుగులాట అప్పటికే అయిపోయిందన్నమాట. దివిటీలు రాకముందే, చీకట్లో, ప్రార్థనలో.

ఆపరేషన్ ముందురాత్రో, ఉద్యోగం పోతుందని తెలిసిన రోజో మనం చేసేది పేతురు పనే. నాకేం భయం అంటాం, తీరా సమయానికి ఎవరో ఒకరి మీద కత్తి దూస్తాం. ఆ భయాన్ని దేవుని ముందు, నమ్మిన ఒకరిద్దరి ముందు ముందుగానే దించుకోవడం పిరికితనం కాదు.

పేతురు కూడా అది నేర్చుకున్నాడు. తర్వాత అదే కయప సభ ముందు నిలబడి, యేసును గురించి మాట్లాడటం మానబోమని చెప్పాడు. హేరోదు రాజు విచారణకు తేబోయే ముందురాత్రి, చెరసాలలో రెండు సంకెళ్లతో, ఇద్దరు సైనికుల మధ్య నిద్రపోయాడు. బయట సంఘం అతని కోసం ప్రార్థిస్తూనే ఉంది. శ్రమల దినాల్లో గెత్సేమనే భాగం చదివేటప్పుడు, అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం కూడా తెరిచి ఆ నిద్రనూ ఈ నిద్రనూ పక్కపక్కన చదవండి.