క్లిప్పుకి వేలాడే కవర్ పేజీ

సాయంత్రం ఏడు గంటలప్పుడు బస్టాండులో పుస్తకాల కొట్టు దగ్గర ఓ అరగంట నిలబడండి. పత్రికలో కవర్ పేజీలు వేసే పనిలో కొత్తగా చేరినవాళ్లకి నేను మొట్టమొదట చెప్పేది ఇదే. మీ మానిటర్ మీద కవర్ ఒక్కటే ఉంటుంది, వెనకనుంచి వెలుతురు పడుతూ నిగనిగలాడుతుంటుంది. కొట్లో అదే కవర్ తాడుకి క్లిప్పు పెట్టి వేలాడుతుంటుంది. లేదంటే బల్లమీద మెట్లు మెట్లుగా పరిచిన పత్రికల మధ్య పై మూడు నాలుగంగుళాలు మాత్రం బయటికి కనిపిస్తుంటుంది. ఒక్కోసారి క్లిప్పు సరిగ్గా పత్రిక పేరు మీదే పడుతుంది. పైన ట్యూబ్‌లైటు, పక్కన చిప్స్ ప్యాకెట్ల దండలు. మీరు వేసిన బొమ్మ బతకాల్సింది అక్కడ.

ఇక కొనేవాళ్ల చేతుల్ని చూడండి. వాళ్ల చూపు ముందు వరసంతా తిరిగి ఒకచోట ఆగుతుంది. దాన్ని తీస్తారు. ధర చూస్తారు, చేత్తోనే మందం అంచనా వేస్తారు, చాలామంది వెనకనుంచి పేజీలు తిప్పుతారు. కార్టూన్ దగ్గర కాసేపు ఆగుతారు, సీరియల్ ఉందో లేదో చూసుకుంటారు. తర్వాత కవర్ మీద కనిపించిన విషయం లోపల ఎక్కడుందా అని వెతుకుతారు. దొరక్కపోతే పత్రికని మళ్లీ అక్కడే పెట్టేసి పక్కదాన్ని తీస్తారు. పది సెకన్లు కూడా పట్టని ఆ వ్యవహారంలో రెండు పత్రికలకి పోటీ జరిగిపోయింది. కాబట్టి కవర్ మీద ప్రతి శీర్షిక పక్కనా పేజీ నంబరు వేయించండి. పెద్ద అక్షరాల్లో ఊరించి, లోపల అరపేజీతో సరిపెట్టే కథనం ఉంటే దాన్ని కవర్ మీదకి తేవద్దని సంపాదకుడిగారికి ధైర్యంగా చెప్పండి. ఒకసారి మోసపోయిన పాఠకుడు మరుసటి నెల మీ పత్రికని తీసి చూడడు కూడా.

ఓ మాసపత్రికలో ఉన్నప్పుడు దీపావళి సంచికకి నేనొక కవర్ వేశాను. చిక్కటి నీలిరంగు రాత్రి, మధ్యలో ప్రమిద, కింద సన్నటి తెల్ల అక్షరాల్లో శీర్షికలు. ఆఫీసులో అందరికీ నచ్చింది. అచ్చయి వచ్చాక చూస్తే ‘లక్ష్మి’ అన్న మాటలో ఒత్తులు పూడిపోయి ఉన్నాయి. ఆ ముదురు రంగు నాలుగు ఇంకులు కలిపి తెచ్చింది. నాలుగు ప్లేట్లలో ఏ ఒక్కటి వెంట్రుకవాసి జరిగినా పక్క రంగు తెల్ల అక్షరంలోకి పాకుతుంది. ఇంగ్లీషు అక్షరం ఆ దెబ్బకి కొంత తట్టుకుంటుంది. మన ఒత్తులు, గుడి కొసలు సన్నవి కావడంతో ముందు అవే పోతాయి. ఇంకా పెద్ద దెబ్బ కొట్టు దగ్గర తెలిసింది. ఆ నెల అన్ని పత్రికల మీదా ప్రమిదలే, అన్నిటికీ చీకటి నేపథ్యమే. ఆ వరసలో మాది ఎక్కడుందో నేనే వెతుక్కోవాల్సి వచ్చింది.

అప్పటినుంచి పండగ సంచికకి పండగ గుర్తు వేసేముందు, పక్క పత్రికలు పోయినేడాది ఆ నెలలో ఏం వేశాయో తీసి చూస్తున్నాను. ముదురు నేపథ్యంలో తెల్ల అక్షరం పెట్టాల్సి వస్తే లావు ఫాంటే వాడతాను, ఆ మేరకు నేపథ్యాన్ని ఒకటి రెండు ఇంకులతోనే సరిపెడతాను. ఫాంటు ఎంచుకునేటప్పుడు ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ అన్న మాటల్ని రెండు వరసలుగా టైప్ చేసి చూడండి. పై వరస ఒత్తులు కింది వరస గుడులకి తగులుతుంటే వరసల మధ్య ఎడం పెంచాల్సిందే. చోటు చాలకపోతే మాటలు తగ్గించాలి గానీ అక్షరాల సైజు తగ్గించకూడదు.

మాటలు తగ్గించమంటే ఒప్పుకునే సంపాదకులు తక్కువ. ప్రతి శాఖవాళ్లూ తమ శీర్షిక కవర్ మీద ఉండాలంటారు, చివరికి ఏడెనిమిది పోగవుతాయి. అక్కడ వాదనకి దిగొద్దు. కవర్‌ని అసలు సైజులో ప్రింటు తీసి, పోటీ పత్రికల తాజా సంచికల మధ్య గోడకి అంటించండి. సంపాదకుడిగారిని ఎనిమిదడుగుల దూరంలో నిలబడి చదవమనండి. ఆయన ఏది చదవగలిగారో అది ఉంచి, చదవలేనిది తీసేద్దామనండి. నా అనుభవంలో ఇంతకంటే బాగా పనిచేసిన వాదన లేదు. అదే కవర్‌ని ఫోన్‌లో బొటనవేలి గోరంత చేసి కూడా చూపించండి. ఇప్పుడు సంచిక వచ్చిందన్న కబురు చాలామందికి వాట్సాప్‌లోనే ముందు చేరుతోంది.

1947 జూలైలో మొదలైన చందమామకి ఈ గొడవ ఉండేది కాదు. ఎం.టి.వి. ఆచార్య, ఆ తర్వాత వడ్డాది పాపయ్య వేసిన ముఖచిత్రాలు శీర్షికల బరువు లేకుండా నిండుగా ఉండేవి. ఆ కవర్లని ఇష్టపడని తెలుగు డిజైనర్ ఉండరేమో. కానీ ఇంట్లో పిల్లలే అడిగి తెప్పించుకునే పత్రిక అది. అలాంటి పేరు ఇంకా రాని పత్రిక శీర్షికలు మానేసి బొమ్మనే నమ్ముకుంటే కొట్లో నెగ్గుకురాలేదు. చందమామ నుంచి తీసుకోవాల్సింది మరొకటి ఉంది. దూరంనుంచే ఇది మనదేనని గుర్తుపట్టించే లక్షణం. నేషనల్ జియోగ్రాఫిక్‌కి పసుపు చట్రం, టైమ్‌కి 1927 నుంచి ఎర్ర అంచు చేసే పని అదే. 2001 సెప్టెంబరు దాడుల సంచికకి టైమ్ ఆ అంచుని నల్లగా మార్చింది. ఏళ్ల తరబడి మార్చలేదు కాబట్టే ఆ ఒక్క మార్పు అంత గట్టిగా తగిలింది. మీ పత్రిక పేరు అక్షరాల్ని, దాని చోటుని సంచికకోసారి కదపకండి.

అడ్డంగా తీసిన ఫొటోని నిలువు కవర్‌లో ఇరికించడం మనకి రోజూ ఉండే తలనొప్పే. 1982 ఫిబ్రవరి సంచికకి నేషనల్ జియోగ్రాఫిక్ కూడా అలాంటి ఫొటోనే వాడింది. నిలువు కవర్‌లో పట్టడానికి కంప్యూటర్‌తో గిజా పిరమిడ్లని దగ్గరికి జరిపింది. ఫొటోని మార్చిందన్న విమర్శ ఇప్పటికీ ఆ పత్రికని వదల్లేదు. ఇప్పుడు ఏఐ పుణ్యమా అని పిరమిడ్లే కాదు, లేని మనిషిని కూడా నిమిషంలో నిలబెట్టొచ్చు. వార్తకి వేసే ఫొటోలో దేన్నీ జరపకండి, చేర్చకండి. ఫొటో సరిపోకపోతే పైన చదును రంగు వేసి పత్రిక పేరుకి చోటివ్వండి, లేదా చిత్రకారుడితో బొమ్మ వేయించండి. బొమ్మ అయితే చూసేవాళ్లకి అది బొమ్మేనని తెలుస్తుంది.

చివరగా, అమ్ముడుపోని కాపీలు రిటర్నులుగా వచ్చినప్పుడు లెక్క రాసుకుని ఊరుకోకుండా కట్టలు విప్పండి. కొన్ని కాపీలు మూలలు మడతపడి, పేజీలు నలిగి వస్తాయి. వాటిని ఎవరో తీసి తిరగేశారు. కవర్ తన పని చేసింది, లోపలే వాళ్లకి కావాల్సింది దొరకలేదు. ఆ కాపీని సంపాదక శాఖ బల్లమీద పెట్టండి. కొన్ని ప్రెస్సులోంచి వచ్చినట్టే మడత కూడా పడకుండా తిరిగొస్తాయి. వాటిని ఎవరూ ముట్టుకోలేదు. అవి మీ బల్లమీదికి రావాలి.