సాగరమునకు కావలి యెవ్వరు?

అల్వాలు నుండి సికింద్రాబాదునకు పోవు విద్యార్థులు లోతుకుంట దాటి తిరుమలగిరి మీదుగా కంటోన్మెంటులో ప్రవేశింతురు. అచ్చట సైన్యమునకు కొంత అధికారము, కంటోన్మెంటు బోర్డునకు కొంత, రాష్ట్ర పోలీసులకు కొంత కలదు. ఈ మూటి హద్దులు స్పష్టముగా నున్నంతకాలము బాటసారికి చిక్కు లేదు. హద్దులు చెదరినచో ఏమగునో సైనికాధికారులు దారులు మూసినప్పుడు ఈ ప్రాంతమువారు చూచియున్నారు. తుదకు 2018వ సంవత్సరమున కంటోన్మెంట్లలో మూసిన దారులను తెరువవలసినదని రక్షణ మంత్రిత్వశాఖయే ఆజ్ఞ యిచ్చెను.

ఒక దారి విషయమున పుట్టిన యీ ప్రశ్నయే ఒక మహానదిపై పుట్టినచో ఎట్లుండును? నాగార్జునసాగరము నందు అట్లే జరిగినది. జంటనగరముల త్రాగునీటిలో గొప్పభాగము ఆ జలాశయము నుండి వచ్చుచున్నది గావున, ఆ కథ మనకు దూరపు మాట కాదు.

1955 డిసెంబరు 10వ తేదీన జవాహర్‌లాల్ నెహ్రూగారు ఈ ఆనకట్టకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు విడిచిరి. కుడికాలువ నెహ్రూగారి పేరను, ఎడమకాలువ లాల్ బహదూర్ శాస్త్రిగారి పేరను వెలసినవి. ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి యున్న లోయ నీట మునిగినది. అందు త్రవ్వి తీసిన శిల్పములను నాగార్జునకొండపై భద్రపఱచిరి. ఇట్లు ఈ స్థలము సేద్యమునకు ఆధారము, ప్రాచీనచరిత్రకు నిలయము, యాత్రికులకు దర్శనీయము.

2014 జూన్ 2వ తేదీన రాష్ట్రము రెండుగా విడిపోగా, ఆనకట్ట యొక్క ఎడమకొన తెలంగాణములోను, కుడికొన ఆంధ్రప్రదేశములోను నిలిచెను. సాగరము నిర్వహణ తెలంగాణమునకును, శ్రీశైలము నిర్వహణ ఆంధ్రప్రదేశమునకును అప్పగింపబడెను. రాజ్యాంగము ననుసరించి పోలీసు వ్యవహారము రాష్ట్రములది. కట్టడము ఒక్కటి, పోలీసులు రెండు రాష్ట్రములవారు, వివాదబీజ మిదియే.

2015 ఫిబ్రవరిలో కుడికాలువ నీటికై ఉభయ రాష్ట్రముల పోలీసులు ఆనకట్టపైననే ఘర్షణపడిరి. గవర్నరుగారి సమక్షమున ముఖ్యమంత్రు లిరువురు మాటలాడుకొనగా అప్పటికి అది చల్లారెను. మరల 2023 నవంబరు 29వ తేదీ రాత్రి, తెల్లవారిన తెలంగాణ శాసనసభకు పోలింగు జరుగనుండగా, ఆంధ్రప్రదేశ పోలీసులు వందలకొలదిగా వచ్చి, 26 గేట్లలో సగము వఱకు తమ స్వాధీనము చేసికొని, నడుమ ముండ్లకంచె వేసిరి. కుడికాలువకు నీరు విడువబడెను. డిసెంబరు 1వ తేదీన కేంద్ర హోంశాఖ కార్యదర్శి ఉభయుల అధికారులతో సంప్రదించిరి. నవంబరు 28 నాటి స్థితిని పునరుద్ధరింపవలెననియు, ఆనకట్ట సి.ఆర్.పి.ఎఫ్. పర్యవేక్షణలో నుండవలెననియు నిర్ణయమయ్యెను.

ఇచ్చట చదువరులు గమనింపవలసిన విశేష మొకటి కలదు. 2014 నాటి పునర్విభజన చట్టములోని 85వ సెక్షను కృష్ణానది యాజమాన్య బోర్డును ఏర్పఱచుచు, జలాశయముల దైనందిన నిర్వహణలో ఆ బోర్డునకు సి.ఐ.ఎస్.ఎఫ్. తోడ్పడవలెనని చెప్పియున్నది. అనగా కావలివారెవ్వరో చట్టము ముందే యోచించినది. అయినను తొమ్మిది సంవత్సరముల పిదప, కలహము ముదిరిన మీదట, వేఱొక దళమును పిలువవలసి వచ్చినది.

మా యభిప్రాయమున ఈ చిక్కునకు మూలము మూడు పనులను ఒక్కటిగా చూచుట. కట్టడమును కాపాడుట ఒక పని. వచ్చిపోవు ప్రజలలో శాంతి నిలుపుట రెండవది. ఎప్పుడు ఏ గేటు ఎత్తవలెనో ఆజ్ఞాపించుట మూడవది. నీటిలో వాటా కోరు పక్షమువాని చేతనే తుపాకియు, తాళపుచెవియు నున్నచో, రెండవ పక్షమువాడు నమ్మిక యుంచుట యెట్లు? తాజమహలు సంగతి చూడుడు. లోపలి కావలి సి.ఐ.ఎస్.ఎఫ్. వారిది, వెలుపలి భద్రత ఉత్తరప్రదేశ పోలీసులది. గీత స్పష్టమగుటచే పని సాగుచున్నది. సాగరముననుకూడ కట్టడపు కావలిని చట్టము చెప్పిన తటస్థ దళమునకును, ఒడ్డులపై శాంతిభద్రతలను ఆయా రాష్ట్రముల పోలీసులకును, గేట్ల ఆజ్ఞను బోర్డునకును వేఱువేఱుగా నొప్పగించుట మేలు.

దీనికి ఆక్షేపణ లేకపోలేదు. ఉమ్మడి రాష్ట్రమునకు లభించిన కృష్ణాజలము 811 టి.ఎం.సి.లు, ఒక టి.ఎం.సి. అనగా నూఱుకోట్ల ఘనపుటడుగులు. 2015లో దానిని తాత్కాలికముగా ఆంధ్రప్రదేశమునకు 512, తెలంగాణమునకు 299గా పంచిరి. ఈ పంపకము తమకు న్యాయము కాదని తెలంగాణమువారి వాదము. వాటా తేలకమునుపే ప్రాజెక్టులను బోర్డున కిచ్చినచో ఇప్పటి పంపకమే స్థిరపడునని వారి భయము. 2024 ఫిబ్రవరి 12వ తేదీన తెలంగాణ శాసనసభ అట్లు అప్పగింపరాదని తీర్మానించెను. ఇది త్రోసివేయదగిన మాట కాదు. కావలివాడు మాఱినంతమాత్రమున వాటా మాఱదని లిఖితపూర్వకమైన హామీ ఉభయులకు ముందు దొరకవలెను. అప్పుడే తటస్థుని రాకను ఓటమిగా ఎవ్వరును ఎంచరు.

గేటు వద్ద పోలీసు లెందఱు నిలిచినను జలాశయములో ఒక్క చుక్క పెరుగదు. కాలువ చివరి మడిలో నారు ఎండుచున్న రైతునకు కావలసినది ఏ రాష్ట్రపు కంచెయో కాదు. నీరు ఎన్నడు వచ్చునో చెప్పగల నమ్మకమైన మాట. ఆ మాటను నిలుపగల కావలియే సాగరమునకు తగిన కావలి.