పడిపోయిన మనిషి ముందు ఫోన్: రెండో శీలం మనల్ని అడిగే ప్రశ్న



పంచశీలలో రెండవది మనందరికీ నోటికి వచ్చు. ఇవ్వనిదాన్ని తీసుకోను అని ప్రతి వందనలో చెప్పుకుంటాం. "నేను ఎవరి సొమ్మూ ముట్టలేదు, ఈ శీలం నాకు ఇబ్బంది లేదు" అని చాలామంది అనుకుంటాం కూడా. కానీ ఇవాళ మన జేబులో ఉన్న ఫోన్ ఈ శీలాన్ని రోజూ పరీక్షిస్తోంది. రోడ్డు మీద పడిపోయిన మనిషిని వీడియో తీయొచ్చా? తీసేవాళ్ళను ఆపాలా? ఈ పాఠంలో ఆ సంగతి చూద్దాం.

మన రోడ్ల సంగతి

సూర్యాపేట, కోదాడ హైదరాబాద్–విజయవాడ 65వ నంబర్ జాతీయ రహదారి మీద ఉన్నాయి. మిర్యాలగూడ మీదుగా నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు పోతుంది. పత్తి ఏరడానికి, నాట్లు వేయడానికి మన ఆడవాళ్ళు ఆటోల్లో, ట్రాక్టర్లలో ఈ రోడ్లు ఎక్కవలసిందే. ప్రమాదం జరిగితే ముందు గుంపు చేరుతుంది. చేయి అందించేవాళ్ళు ఇద్దరుంటే ఫోన్ ఎత్తేవాళ్ళు పదిమంది. 108 వచ్చేలోపే వీడియో గ్రూపుల్లోకి పోతుంది. కొడుకు పోయిన సంగతి తల్లికి మనిషి వచ్చి చెప్పకముందే పక్కింటి ఫోన్‌లో కనబడుతుంది.

2024 చివర్లో కీసర దగ్గర లారీ కింద పడి కాళ్ళు నలిగిన ఒక యువకుడు సాయం చేయమని వేడుకుంటుంటే చుట్టూ ఉన్నవాళ్ళు వీడియో తీశారు. ఆ మనిషి బతకలేదు. ఆ వీడియో మాత్రం రాష్ట్రమంతా తిరిగింది.

పదహారు రోజుల్లో రెండు సంఘటనలు

2018 ఆగస్టు 29న నల్గొండ జిల్లా అన్నెపర్తి దగ్గర నందమూరి హరికృష్ణ గారి కారు ప్రమాదానికి గురైంది. ఆసుపత్రికి తీసుకుపోయినా ఆయన దక్కలేదు. అక్కడి సిబ్బంది కొందరు ఆయన మృతదేహం పక్కన సెల్ఫీ దిగారు. ఫోటో బయటికి రాగానే జనం మండిపడ్డారు, వాళ్ళను ఉద్యోగంలోంచి తీసేశారు. అది సరైనదే. అయితే ఒక్కసారి ఆలోచించండి. ఆ మృతదేహం పేరున్న కుటుంబానిది కాబట్టి తప్పు తప్పుగా కనబడింది. కూలికి పోతూ ఆటో బోల్తాపడి చనిపోయిన మన తల్లి ఫోటో, చీర చెదిరిన స్థితిలో, గ్రూపుల్లో తిరిగితే ఎవరి ఉద్యోగం పోయింది? ఎవరు క్షమాపణ అడిగారు?

ఆ తర్వాత పదహారు రోజులకే, సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ఒక ఆసుపత్రి బయట, గర్భిణి అయిన భార్య కళ్ళముందే ఒక దళిత యువకుణ్ణి నరికి చంపారు. కులం తప్పి పెళ్ళి చేసుకున్నందుకు. సీసీ కెమెరాలో అది పడింది. దర్యాప్తుకు ఆ దృశ్యం సాక్ష్యం. ఆ కేసులో 2025 మార్చి 10న నల్గొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. కానీ అదే దృశ్యం ఫోన్ నుంచి ఫోన్‌కు పోయినప్పుడు ఎవరికి మేలు జరిగింది? ఆ తల్లిదండ్రులకు, ఆ భార్యకు ప్రతి ఫార్వర్డూ మరోసారి ఆ రోజే. కులం దాటితే ఇట్లనే అయితదని మన పిల్లల్ని బెదిరించడానికి కూడా అది పనికొచ్చింది.

ఒకే దృశ్యం పోలీసు చేతిలో సాక్ష్యమైంది, గుంపు చేతిలో తమాషా అయింది. కాబట్టి తప్పు కెమెరాది కాదు. మనం చూడవలసింది చేతన, అంటే ఆ చేయి వెనక ఉన్న ఉద్దేశం.

"అయితే వీడియోలే వద్దంటారా?"

అనడం లేదు. ఆ మాట అంటే నష్టపోయేది మనమే. 2016 జులై 11న గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు తీసినందుకు దళిత యువకుల్ని కట్టేసి కొట్టారు. కొట్టినవాళ్ళు గొప్పగా చూపించుకున్న వీడియోనే వాళ్ళ మీద సాక్ష్యమైంది, దేశమంతా దళితుల్ని కదిలించింది. ఆ దెబ్బలు తిన్న కుటుంబం 2018 ఏప్రిల్‌లో బౌద్ధం స్వీకరించింది. వీడియో లేకపోతే ఆ కేసు ఒక ఊరి గొడవగానే మిగిలేదేమో.

అమెరికాలో 1955లో ఎమెట్ టిల్ అనే పద్నాలుగేళ్ళ నల్లజాతి పిల్లవాణ్ణి తెల్లవాళ్ళు చంపారు. గుర్తుపట్టరానట్టు చితికిపోయిన ఆ ముఖాన్ని తల్లి మామీ మూసిపెట్టలేదు. పెట్టె తెరిచి ఉంచింది, పత్రికలో ఫోటో వేయనిచ్చింది. నా బిడ్డకు ఏం చేశారో లోకం చూడాలంది. అక్కడి పౌరహక్కుల పోరాటానికి అది పెద్ద కదలిక తెచ్చింది. ఇందులో పాఠం ఏమంటే, చూపించాలని తేల్చింది తల్లి. దారిన పోయేవాడు కాదు.

ఇవ్వనిది తీసుకోవడం

ఇప్పుడు శీలానికి వద్దాం. అదిన్నం అంటే ఇవ్వబడనిది. డబ్బు, పంట, నగ మాత్రమేనా? నొప్పితో అరిచే ముఖం, ఒంటి మీద నిలవని బట్ట, ఆఖరి శ్వాస, ఇవి ఎవరివి? ఆ మనిషివి. స్పృహలో లేనివాడు సరే అనలేడు, వద్దూ అనలేడు. అడ్డంగా చేయి పెట్టుకునే శక్తి కూడా అతనికి లేదు. అలాంటివాడి దగ్గరినుంచి తీసుకున్నది ఏదైనా ఇవ్వనిది తీసుకోవడమే. తీసినవాడిదే కాదు తప్పు. దొంగసొమ్ము కొన్నవాడికి ఎంత పాపమో, ఆ వీడియో ఫార్వర్డ్ చేసినవాడికీ అంతే.

బాబాసాహెబ్ 'బుద్ధుడు–ఆయన ధమ్మం'లో సిద్ధార్థుడి బాల్యం చెబుతూ గాయపడ్డ పక్షి కథ చెప్పారు. బాణం వేసిన దేవదత్తుడు పక్షి నాదే అన్నాడు. బాణం తీసి బతికించిన సిద్ధార్థుడు నాదన్నాడు. తీర్పు కాపాడినవాడి వైపే వచ్చింది. పడిపోయిన ప్రాణం మీద హక్కు కాపాడే చేతికే ఉంటుంది. ముందు నేనే తీశానని చెప్పుకునేవాడికి ఏ హక్కూ లేదు.

వినయ పిటకంలో ఇంకో సంగతి ఉంది. ఒక భిక్షువు విరేచనాల జబ్బుతో తన మలంలోనే పడి ఉన్నాడు. తోటివాళ్ళెవరూ పట్టించుకోలేదు. తథాగతుడు ఆనందుణ్ణి నీళ్ళు తెమ్మని, స్వయంగా నీళ్ళు పోసి, ఆనందుడితో కడిగించి, ఇద్దరూ కలిసి ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. తనకు సేవ చేయదలచినవారు రోగికి సేవ చేయాలని సంఘానికి చెప్పారు. ధమ్మంలో చూడటం అంటే ఇది. చూసిన వెంటనే చేయి కదలాలి.

"భిక్షువులు శ్మశానంలో శవాల్ని చూసి ధ్యానం చేసేవారు కదా, చూస్తే తప్పేంటి?" అని ఒక యువకుడు అడగవచ్చు. మంచి ప్రశ్నే. ఆ ధ్యానంలో భిక్షువు తన శరీరం కూడా ఇంతేనని తనలోకి తాను చూసుకుంటాడు. దాన్ని ఇతరులకు చూపించి లైకులు లెక్కపెట్టుకోడు.

బాబాసాహెబ్ కూడా రోడ్డున పడ్డారు

1929లో చాలీస్‌గావ్‌లో బాబాసాహెబ్ ఎక్కిన టాంగా కల్వర్టు మీద బోల్తాపడింది. ఆయన రాళ్ళ మీద పడి కాలు విరిగింది. గుర్రం, బండి వాగులో పడ్డాయి. అంటరానివాణ్ణి ఎక్కించుకోబోమని టాంగావాళ్ళు అనడంతో, తోలడం రాని మనవాడే ఒకడు పగ్గాలు పట్టవలసి వచ్చింది. ప్రమాదానికి అసలు కారణం కులం. పడిపోయినవాణ్ణి ముట్టుకోవడానికి ముందు "ఎవరి మనిషి?" అని అడిగే అలవాటు ఇంకా పోలేదు. ప్రాణులన్నిటి మీద కరుణ చూపి కాపాడతామని 22 ప్రతిజ్ఞల్లో మాట ఇచ్చినవాళ్ళం మనం. మనకు ఆ ప్రశ్న ఉండకూడదు.

చట్టం ఏమంటోంది

"ముట్టుకుంటే కేసు మన మెడకు చుట్టుకుంటది" అనే భయం పాతది. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు సాయం చేసేవాళ్ళ రక్షణకు ఉన్న మార్గదర్శకాలను అందరూ పాటించాలని చెప్పింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ చేరింది. మంచి మనసుతో సాయం చేసినవారి మీద సివిల్, క్రిమినల్ కేసు పెట్టరాదు. పేరు, అడ్రసు చెప్పమని ఒత్తిడి చేయరాదు. 2025లో వచ్చిన కేంద్ర పథకం కింద రోడ్డు ప్రమాద బాధితుడికి ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా డబ్బు కట్టకుండా వైద్యం చేస్తారు.

జర్మనీలో ప్రమాదంలో చనిపోయినవారిని అవమానపరిచేలా చిత్రించడం 2021 నుంచి నేరం. మన దగ్గర అలాంటి ప్రత్యేక సెక్షన్ లేదు. చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. శీలం మన దగ్గర ముందునుంచే ఉంది.

ఆచరణ

1. ముందు 108కి లేదా 112కి ఫోన్ చేయండి. జాతీయ రహదారి మీదైతే 1033 కూడా ఉంది. ఫోన్‌తో చేయవలసిన మొదటి పని ఇది.

2. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయకండి. ప్రాణాపాయం లేకపోతే ఇష్టం వచ్చినట్టు లాగకండి.

3. ఒకరిద్దరు గుంపును వెనక్కి జరపండి. చీరో, తువ్వాలో అడ్డం పట్టండి. ఇది చిన్న పని కాదు, గౌరవం కాపాడే పని.

4. గాయపడ్డవారికి చేతులు అందాక, ఇంకా చేతులు ఖాళీగా ఉంటే ఫోటో తీయండి. బండి నంబరు, బండ్లు నిలిచిన తీరు, రోడ్డు మీద టైరు గుర్తులు తీయండి. ముఖం వద్దు. గుద్దిన బండి దొరకకపోతే ప్రాణం పోయిన కుటుంబానికి వచ్చే పరిహారం రెండు లక్షలే. నంబరు దొరికితే బీమా కంపెనీ నుంచి న్యాయంగా రావలసింది అడగవచ్చు.

5. కులదాడి అయితే కొట్టేవాళ్ళ ముఖాలు, మాటలు, సమయం పడేలా తీయండి. అసలు వీడియోను కోయకుండా దాచండి. పోలీసుకు, బాధితులకు, వాళ్ళ వకీలుకు ఇవ్వండి. బయటపెట్టాలా వద్దా అన్నది బాధితులు తేల్చాలి, బాధితుడు లేకపోతే కుటుంబం తేల్చాలి.

6. గ్రూపులోకి అలాంటి వీడియో వస్తే మీ దగ్గరే ఆపండి. పంపినవాణ్ణి తిట్టకండి. "ఇది మన ఇంట్లోవాళ్ళదైతే?" అని ఒక్క మాట అడగండి. అడ్మిన్‌తో తీయించండి.

విహారలో చర్చించుకోవడానికి

1. మీ ఊరి గ్రూపులో చివరిసారి వచ్చిన ప్రమాదం వీడియోలో ఎవరి ముఖం ఉంది? దానివల్ల ఆ కుటుంబానికి ఏం మేలు జరిగింది?

2. ఊనా వీడియోకూ, ప్రమాదం వీడియోకూ తేడా ఏమిటి? ఎక్కడ కలుస్తాయి?

3. మన విహార తరఫున ప్రథమ చికిత్స నేర్చుకున్నవాళ్ళు ఎంతమంది ఉన్నారు? లేకపోతే వచ్చే పౌర్ణమిలోగా ఎవరితో నేర్పించుకుందాం?

మూడో ప్రశ్నకు జవాబును పేర్లతో సహా రాసుకుని లేవండి. పంచశీల చెప్పుకున్న నోటికి అదే సాక్ష్యం.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.