అక్షరాలు ఎక్కడ ఆగాయి?

చిట్టితల్లీ,

ఆఫీసులో పాత పెర్ల్ స్క్రిప్టు నీ నెత్తిన పడిందనీ, టెర్మినల్లో టైపు చేస్తుంటే మధ్యలో బిగుసుకుపోతోందనీ రాశావు. పైథాన్‌లోకి మార్చేద్దామా అన్నావు. వద్దు. ఈ తిరకాసు అక్కడా ఉంది. 1987లో లారీ వాల్ విడుదల చేసిన భాష నీకంటే పెద్దదే గానీ, ఇందులో దాని తప్పేమీ లేదు.

నువ్వు కొట్టిన అక్షరం తిన్నగా నీ వేరియబుల్లోకి రాదు. ముందు కెర్నల్ దగ్గర ఆగుతుంది. మామూలుగా ఎంటర్ కొట్టేదాకా లైను అక్కడే ఉంటుంది. బ్యాక్‌స్పేస్‌తో చెరిపేదీ కెర్నలే, పెర్ల్‌కు ఆ సంగతే తెలియదు. (లినక్సులో ఆ లైను 4096 బైట్లకు మించితే మిగతాది గాల్లో కలిసిపోతుంది. పొడవాటి లైను పేస్టు చేసి లబోదిబోమనేవాళ్ళు అందుకే.)

ఎంటర్ కొట్టాక రెండో మజిలీ పెర్ల్ సొంత బఫర్. నీ స్క్రిప్టు గెట్‌సీతో ఒక్క అక్షరం అడుగుతోంది. పెర్ల్ లైనంతా తెచ్చుకుని, ఒక్కటి నీ చేతిలో పెట్టి, తక్కినవి తన దగ్గరే ఉంచుకుంటుంది. ఆ వెంటనే నీ స్క్రిప్టులోని సెలెక్ట్ వెళ్ళి, ఇంకేమైనా వచ్చిందా అని కెర్నల్ని అడుగుతోంది. అక్కడేముంది? స్క్రిప్టు బిగుసుకుపోయేది అందుకే. గాదెలో ధాన్యం పెట్టుకుని కళ్ళంలో వెతుకుతోందన్నమాట.

గెట్‌సీ తీసేసి అంతటా సిస్‌రీడ్ పెట్టు. అది పెర్ల్ బఫర్ జోలికి పోదు. నాలుగో ఆర్గ్యుమెంటుగా నీ బఫర్ పొడవు ఇవ్వు, కొత్త బైట్లు పాతవాటి చివర చేరతాయి. ఇవ్వకపోతే పాతవి తుడిచిపెట్టుకుపోతాయి. అది సున్నా తిరిగిస్తే ఇన్‌పుట్ అయిపోయినట్టు, అన్‌డెఫ్ ఇస్తే ఎర్రర్. చాలామంది వైల్ షరతులో రెంటినీ ఒకే గాటన కట్టేస్తారు, నువ్వు విడివిడిగా చూడు.

మీ స్క్రిప్టులోకి తెలుగు పేర్లు కూడా వస్తాయన్నావు కదా. సిస్‌రీడ్ లెక్కపెట్టేది బైట్లను. యూటీఎఫ్-8లో 'క' 3 బైట్లు, 'క్షి' 12. 1024 చొప్పున చదివితే ఏదో ఒక అక్షరం నడిమికి తెగుతుంది. కాబట్టి న్యూలైన్ దాకా పోగయ్యాక, ఆ లైను విడదీసి, అప్పుడు డీకోడ్ చెయ్యి. న్యూలైన్ బైటు తెలుగు అక్షరం లోపల ఎప్పుడూ రాదు, భయం లేదు.

మార్చేముందు పాతదాన్నే ఒకసారి, కెర్నల్‌ను అడిగినవన్నీ చూపించే ఎస్‌ట్రేస్ కింద నడుపు. ఒక్క అక్షరం అడిగిన గెట్‌సీ అడుగున రీడ్ 8192 బైట్లు అడగడం కనిపిస్తుంది. ఆ అవుట్‌పుట్ నాకు పంపు. ఫోన్లో ఫొటో తీసి కాదు, ఫైలుగా.

ఇట్లు,
బాబాయి