ఒంటరి తేనెటీగకు ఇల్లు కట్టే ముందు

తేనెటీగ అనగానే మనకు కొమ్మకు వేలాడే తేనెపట్టు, పొగ, పరుగు గుర్తుకొస్తాయి. కానీ పట్టు పెట్టని తేనెటీగలు కూడా ఉన్నాయి. ప్రపంచంలో 20 వేలకు పైగా తేనెటీగ జాతులుంటే వాటిలో ఎక్కువ భాగం ఇలాంటివేనని మన సైన్సు మాస్టారు చెప్పారు. వీటికి రాణీ లేదు, కూలీలూ లేరు. ఒక్క ఆడ ఈగే గూడు చూసుకుని, పుప్పొడి తెచ్చి ముద్ద చేసి, దాని మీద గుడ్డు పెట్టి, గది మూసేస్తుంది. అందుకే వీటిని ఒంటరి తేనెటీగలు అంటారు.

ఇవి మన కళ్ళ ముందే తిరుగుతున్నాయి. దూలానికి గుండ్రంగా చిల్లు పెట్టే నల్ల తుమ్మెద ఒకటి. ఆకు అంచుని గుండ్రంగా కత్తిరించి పట్టుకుపోయే ఈగ ఇంకొకటి. పొట్ట మీద నీలి చారలుండేది మరొకటి. వంకాయ పువ్వులో పుప్పొడి సన్నటి గొట్టాల లోపల ఉంటుంది. పువ్వును పట్టుకుని జుయ్యిమని అదరగొడితేనే రాలుతుంది. పట్టు పెట్టే తేనెటీగకు ఆ విద్య రాదు. తుమ్మెదకూ నీలి చారల ఈగకూ వచ్చు. కంది పువ్వు మీద వాలేవాటిలో ఆకు కత్తిరించే ఈగలూ తుమ్మెదలూ ముఖ్యమైనవి. అంటే మనం తినే పప్పులోనూ, వంకాయ కూరలోనూ వీటి కష్టం కొంత ఉందన్నమాట.

కుడతాయేమోనని భయపడొద్దు. వీటికి కాపాడుకునే తేనె నిల్వ లేదు, కాబట్టి గుంపుగా మీద పడవు. మగ ఈగకు అసలు ముల్లే ఉండదు. ఆడ ఈగ కూడా గుప్పిట్లో నలిగితేనే కుడుతుంది.

నేను చేసిన తప్పు

పోయిన ఏడాది నేనూ నా స్నేహితుడూ కలిసి వీటికి ఒక ఇల్లు కట్టాం. కరెంటు పని చేసినవాళ్ళు వదిలేసిన ప్లాస్టిక్ పైపు ముక్కలు ఏరి, కట్టగా కట్టి, తాడుతో జామచెట్టుకు వేలాడదీశాం. చూడ్డానికి భలే ఉంది. రెండు వారాలకు ఒక ఈగ ఆకు ముక్కలు తెచ్చి రెండు పైపులు మూసింది. అందరికీ చూపించి గొప్పలు పోయాను. తర్వాత వానలు పట్టాయి. ఎన్నాళ్ళు చూసినా ఏదీ బయటికి రాలేదు. దసరా సెలవుల నుంచి వచ్చాక పైపు కోసి చూస్తే లోపలంతా తెల్లటి బూజు. ఏడు పిల్లపురుగులు చచ్చిపోయి ఉన్నాయి. ప్లాస్టిక్‌లో చెమ్మ ఆరదని అప్పటికి నాకు తెలీదు.

ఆ రాత్రి అన్నం సహించలేదు. మేం ఆ పైపులు పెట్టకపోతే ఆ తల్లి ఏ ఎండు కొమ్మలోనో గూడు చూసుకునేది. మేం ఇల్లు చూపించాం, అది నమ్మి వచ్చింది. చెడ్డ ఇల్లు కట్టడం కన్నా కట్టకపోవడమే మేలు. ఊరికి దూరంగా, ఎవరో కట్టిన ఇంట్లో ఉండే మనకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఇల్లు ఎలా ఎంచుకోవాలి?

1. ప్లాస్టిక్, గాజు గొట్టాలు వద్దు. బాగా ఎండిన సన్న వెదురు మంచిది. అది చెమ్మను పీల్చుకుంటుంది.

2. గొట్టం వెనక వైపు మూసి ఉండాలి. కణుపు వెనక్కి వచ్చేలా వెదురు కొయ్యండి. రెండు పక్కలా తెరిచి ఉంటే ఈగ ఇష్టపడదు.

3. పొడవు సుమారు 15 సెం.మీ. ఉండాలి. తల్లి ఈగ ఆడపిల్లల గుడ్లు లోపలి గదుల్లో, మగవి గుమ్మం దగ్గర పెడుతుంది. గొట్టం పొట్టిదైతే ఆడవాటికి చోటు తగ్గిపోతుంది.

4. చిల్లు పెన్ను రీఫిల్ దూరేంత నుంచి పెన్సిల్ దూరేంత వరకు రకరకాలుగా ఉండొచ్చు. తుమ్మెదకైతే చిటికెన వేలు దూరేంత కావాలి. లోపల పేళ్ళుంటే రెక్కలు చిరుగుతాయి. గరుకు కాగితంతో నున్నగా రుద్దండి.

5. పొద్దుటి ఎండ తగిలేలా, వాన పడకుండా చూరు కింద, ఛాతీ ఎత్తున పెట్టండి. గాలికి ఊగకూడదు, గట్టిగా బిగించాలి. చీమలు ఎక్కకుండా స్తంభానికి గ్రీజు పూయండి. పూలమొక్కలు దగ్గర్లో ఉండాలి, ఎందుకంటే చిన్న ఈగలు ఎంతో దూరం పోలేవు.

6. రంగు, వార్నిష్, చెదల మందు పూసిన చెక్క వాడొద్దు.

7. ఇరవై, ముప్ఫై గొట్టాలు చాలు. పెద్ద మేడ కడితే బూజూ, సన్న పురుగులూ ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకుంటాయి. ఈగలు వెళ్ళిపోయిన గొట్టం తీసేసి కొత్తది పెట్టాలి.

ఇలాంటి ఇళ్ళు ఇప్పుడు పట్నాల్లో రెడీమేడ్‌గా కూడా అమ్ముతున్నారు. అందం చూసి మోసపోకుండా వాటికీ ఈ పరీక్షలే పెట్టాలి.

ఈ ఏడాది స్టోరు రూము తూర్పు చూరు కింద 28 వెదురు గొట్టాలు కట్టాం. 11 మూసుకున్నాయి. మొన్న పొద్దున్న స్టడీ అవర్‌కి ముందు ఒక గొట్టం తలుపు కొరికి, చిన్న ఈగ ఒకటి బయటికొచ్చింది. కాసేపు ఎండలో కూర్చుని ఎగిరిపోయింది. పోయిన ఏడాది చచ్చిన ఏడూ నాకు గుర్తొచ్చాయి.

వార్డెన్ సారుకి ఒక మనవి. తోటలో పురుగుమందు కొట్టకుండా చూడండి సార్. బావి వెనక ఉన్న ఉత్త నేలను సిమెంటు చెయ్యకుండా కొంచెం వదలండి. నీలి చారల ఈగలు మన వెదురు ఇంటికి రావు, మట్టిలోనే గూడు పెట్టుకుంటాయి. ఒంటరి తేనెటీగల్లో ఎక్కువ జాతులు అలాంటివే.

తమ్ముళ్ళూ, మూసి ఉన్న గొట్టం కనిపిస్తే పుల్లతో పొడవొద్దు. లోపల పిల్లలున్నాయి.

— 9వ తరగతి విద్యార్థి